క్లబ్ డెక్కుల ముందు మొదటిసారి: పెన్‌డ్రైవా, ల్యాప్‌టాపా, సొంత కంట్రోలరా?

డీజే కావాలని ఇంట్లో ఏడాదిపాటు ఒకే కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌కు తగిలించి పాటలు కలిపే పెట్టె) మీద సాధన చేశారు. చూడకుండానే వేలు సరైన బటన్ మీదికి వెళ్తోంది. ఈలోగా తెలిసినవాళ్ల ద్వారా ఒక పబ్ నుంచి కబురొచ్చింది. శుక్రవారం రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర దాకా వార్మప్ సెట్, అంటే అసలు డీజే రాకముందు ప్లే చేసేది. సంతోషంగా సరేనన్నారు. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. అక్కడుండేది మీ కంట్రోలర్ కాదు. రెండు పెద్ద ప్లేయర్లు, వాటి మధ్య నాలుగు చానెళ్ల మిక్సర్. వాటి మీద మీరెప్పుడూ చెయ్యి పెట్టలేదు.

దీనికి మూడు దారులున్నాయి. పాటలు పెన్‌డ్రైవ్‌లో సిద్ధం చేసుకుని క్లబ్ ప్లేయర్ల మీదే ప్లే చేయొచ్చు. ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, దాన్ని క్లబ్ ప్లేయర్లకో మిక్సర్‌కో కలిపి, అలవాటైన సాఫ్ట్‌వేర్‌తో నడపొచ్చు. లేదా సొంత కంట్రోలర్‌నే మోసుకెళ్లి మిక్సర్‌లో ఒక చానెల్‌కు తగిలించొచ్చు. మూడూ పనిచేస్తాయి, మూడు రకాలుగానూ నేను ప్లే చేశాను. క్లబ్‌కైతే నా సలహా పెన్‌డ్రైవ్. పెళ్లి సంగీత్‌కైతే చాలాసార్లు సొంత కంట్రోలరే మేలు. ల్యాప్‌టాప్ దారి కొద్దిమందికే నిజంగా అవసరం.

మన ఊళ్లలో డీజే అంటే ఊరేగింపులో బండి మీద పేర్చిన బాక్సులు గుర్తొస్తాయి. అక్కడి పని వేరు, దానికి కావలసిన నేర్పూ వేరు. నేను మాట్లాడేది పబ్బులు, క్లబ్బుల్లో డీజే నిలబడే బూత్‌లలో ఉండే సామాను గురించి. హైదరాబాద్‌లోనైనా, బెంగళూరులోనైనా, దుబాయ్‌లోనైనా ఆ సామాను దాదాపు ఒకే కుటుంబానికి చెందినది. ఒకచోట అలవాటైతే రెండోచోట సగం తెలిసినట్టే.

నా మొదటి రాత్రి ఏమైందంటే

నేను నేర్చుకున్నది పయనీర్ డీజే వాళ్ల డీడీజే-400 కంట్రోలర్ మీద. గచ్చిబౌలిలో మొదటి సెట్. బూత్‌లో రెండు సీడీజే-2000 ఎన్ఎక్స్ఎస్2 ప్లేయర్లు, మధ్యలో డీజేఎం-900 ఎన్ఎక్స్ఎస్2 మిక్సర్. పెన్‌డ్రైవ్ పెట్టాను, ప్లేయర్ చదవలేదు. 64 జీబీ పెన్‌డ్రైవ్, కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంది. ఆ ప్లేయర్ ఎక్స్‌ఫ్యాట్‌ను చదవదని నాకు తెలియదు. ముందుజాగ్రత్తగా పాత 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక ప్లేలిస్ట్ ఎక్కించి ఉంచాను కాబట్టి సెట్ నిలబడింది.

తర్వాత పాట వేగం మార్చే టెంపో ఫేడర్‌ను కొంచెం కదిపితే వేగం ఒక్కసారిగా గెంతింది. నాకంటే ముందు ప్లే చేసినవాళ్లు టెంపో రేంజ్‌ను, అంటే ఆ ఫేడర్ వేగాన్ని ఎంతవరకు మార్చగలదో ఆ హద్దును, వైడ్‌లో వదిలి వెళ్లారు. మూడో పాటలో ఫిల్టర్ తిప్పాను, శబ్దంలో ఏ మార్పూ లేదు. బేస్ నాబ్ పూర్తిగా ఎడమకు తిప్పినా కింద దెబ్బ సన్నగా వినిపిస్తూనే ఉంది. ఒక్కొక్కటీ జరుగుతుంటే నాకు మిక్సింగే రాదేమో అనిపించింది. ఇంటికెళ్లి ఆలోచిస్తే తేలింది, వాటిలో ఒక్కటీ మిక్సింగ్ తప్పు కాదు. ప్రతిదాని వెనకా ఒక స్విచ్చో ఒక సెట్టింగో ఉంది. అది ముందే తెలిసినవాడికి పది సెకన్ల పని. తెలియనివాడికి ఆ గంటన్నరంతా గుండె దడ. అందుకే ఈ సంగతులు ఇంత విడమరిచి రాస్తున్నాను.

పెన్‌డ్రైవ్ దారి

క్లబ్‌లలో ఎక్కువగా కనిపించే ప్లేయర్లు రికార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌తో సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్‌ను చదువుతాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్ మోడ్ ఉచితం. పాటలను అది విశ్లేషించి ప్రతి దెబ్బ దగ్గరా గీతలు పెడుతుంది, దాన్నే బీట్ గ్రిడ్ అంటారు. మీరు పాటలో కావలసిన చోట్ల గుర్తులు, అంటే క్యూ పాయింట్లు పెట్టుకుంటారు, ప్లేలిస్టులు కట్టుకుంటారు, అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తారు. మామూలుగా ఫైళ్లు కాపీ చేసి తీసుకెళ్లినా పాట మోగుతుంది కానీ మీ క్యూలు, గ్రిడ్, ప్లేలిస్టులు ఏవీ రావు. ఇంట్లో సెరాటో అనే మరో సాఫ్ట్‌వేర్‌తో ప్లే చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ ప్లేయర్లు సెరాటో క్రేట్లను (అందులోని పాటల జాబితాలను) నేరుగా చదవవు. పాటలను రికార్డ్‌బాక్స్‌లోకి తెచ్చి మళ్లీ సిద్ధం చేసుకోక తప్పదు. ఆ పనికి ఒక వారాంతం కేటాయించుకోండి.

పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. పాత ప్లేయరైనా కొత్త ప్లేయరైనా దాన్ని చదువుతుంది. విండోస్ మామూలు ఫార్మాట్ మెనూ చాలాకాలంగా 32 జీబీ దాటిన డ్రైవ్‌కు ఫ్యాట్32 ఇవ్వడం లేదు, అంతకంటే పెద్దదైతే విడిగా ఒక ఫార్మాటింగ్ టూల్ కావాల్సి రావచ్చు. మ్యాక్ వాడేవాళ్లు స్కీమ్ దగ్గర మాస్టర్ బూట్ రికార్డ్ ఎంచుకోవాలి. అక్కడ జీయూఐడీ ఉంటే కొన్ని ప్లేయర్లు డ్రైవ్‌ను గుర్తించవు. 32 జీబీ చాలదనుకోకండి. 320 కేబీపీఎస్ ఎంపీ3 పాట ఒకటి నాలుగు నిమిషాలకు దాదాపు 10 ఎంబీ, అంటే 32 జీబీలో మూడు వేల పాటలు పడతాయి. గంటన్నర సెట్‌లో ప్లే చేసేది ముప్ఫై, నలభై.

ఎంపీ3 అన్నది కావాలనే అన్నాను. ఫ్లాక్ ఫైళ్లు సీడీజే-2000 ఎన్ఎక్స్ఎస్2, సీడీజే-3000 ప్లే చేస్తాయి. 2012లో వచ్చిన సీడీజే-2000 నెక్సస్ చేయదు, ఎక్స్‌డీజే-700 కూడా చేయదు. అక్కడ ఏ మోడల్ ఉంటుందో తెలియనప్పుడు ఎంపీ3 ఉంటే దిగులు లేదు. పాటల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసుకోండి. తెలుగు లిపి అన్ని తెరల మీదా సరిగ్గా కనిపిస్తుందన్న భరోసా లేదు, చీకట్లో వెతికేటప్పుడు అది పెద్ద ఇబ్బంది.

క్యూల గురించి ఒక మాట. కంట్రోలర్ మీద డెక్కుకు ఎనిమిది ప్యాడ్లుంటాయి, అందరం హాట్ క్యూలకు, అంటే ప్యాడ్ నొక్కగానే పాట గెంతి వెళ్లే గుర్తులకు అలవాటు పడతాం. సీడీజే-2000 ఎన్ఎక్స్ఎస్2 మీద హాట్ క్యూలకు నాలుగు బటన్లే, బ్యాంక్ మారిస్తే మరో నాలుగు. ఎక్స్‌డీజే-700కు విడి బటన్లే లేవు. పైగా హాట్ క్యూ ఆటో లోడ్ ఆపేసి ఉంటే మీరు పెట్టుకున్న హాట్ క్యూలు వాటంతట అవి రావు. అందుకే ప్రతి పాటకూ కలపడం మొదలుపెట్టే చోట, బయటికి రావలసిన చోట మెమరీ క్యూ (విడి బటన్‌కు కట్టకుండా పాటతోపాటు దాచే గుర్తు) కూడా పెట్టుకోండి. ఈ కుటుంబంలో చాలా పాత ప్లేయర్ల మీద కూడా మెమరీ క్యూలు దొరుకుతాయి. డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 కంట్రోలర్‌లో ఉండే స్మార్ట్ ఫేడర్, ప్యాడ్ ఎఫ్ఎక్స్ లాంటివి క్లబ్ సామానులో ఉండవు. వాటి మీద ఆధారపడ్డ మిక్స్‌లు ఏమైనా ఉంటే ఇప్పుడే వేరే పద్ధతిలో కలపడం నేర్చుకోండి.

తెలుగు పాటలు ప్లే చేసేవాళ్లు గ్రిడ్ మీద ఇంకాస్త ఎక్కువ పని చేయాలి. రికార్డ్‌బాక్స్ నాలుగు దెబ్బల లెక్కతో గ్రిడ్ గీస్తుంది. తీన్‌మార్ దరువు, జానపదాల్లోని ఆరు లెక్క నడక అందులో ఒదగదు. బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ లెక్క) తప్పుగా చూపిస్తుంది, గీతలు దరువు మీద పడవు. స్టూడియోలో వాద్యబృందమంతా కలిసి వాయించిన పాత సినిమా పాటల్లో వేగం పాట మధ్యలోనే మారుతుంటుంది. విశ్లేషణను నార్మల్ నుంచి డైనమిక్‌కు మారిస్తే ఇలాంటివి కొంత నయమవుతాయి. అప్పటికీ గ్రిడ్ కుదరని పాట ప్లే చేసేటప్పుడు క్వాంటైజ్ ఆపేయండి. లేకపోతే మీరు సరిగ్గా నొక్కినా ప్లేయర్ ఆ క్యూని తప్పు గీత మీదికి లాగుతుంది, తప్పు మాత్రం మీ చేతిది అనిపిస్తుంది.

రెండు పెన్‌డ్రైవ్‌లు, రెండింట్లోనూ ఒకే పాటలు. ఈ విషయంలో రాజీ వద్దు. ప్లేయర్లు ల్యాన్ కేబుల్‌తో కలిసి ఉంటే ఒక పెన్‌డ్రైవ్ నుంచే రెండు ప్లేయర్లలోకీ పాటలు ఎక్కించొచ్చు. దీన్ని ప్రో డీజే లింక్ అంటారు. కానీ ఆ కేబుల్ లేని బూత్‌లు, ఉన్నా తెగిపోయిన బూత్‌లు చాలానే చూశాను. అప్పుడు ఒక్కో ప్లేయర్‌కు ఒక్కో పెన్‌డ్రైవ్ కావాలి. లింక్ లేకపోతే ఆ ప్లేయర్ల మధ్య సింక్ (రెండు పాటల వేగాలను దానంతట అదే కలిపే సౌకర్యం) కూడా పనిచేయదు. 2009 నాటి మొదటి సీడీజే-2000 మీదైతే సింక్ బటనే లేదు. అందుకని ఇంట్లో వారానికి రెండు రోజులైనా సింక్ వాడకుండా, తెర మీద బీపీఎం అంకెను చిన్న కాగితంతో మూసి, చెవితో కలపండి. కొత్త సామానుకు అలవాటు పడటంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఈ సాధనే. చెవికి ధైర్యం వచ్చాక ఏ ప్లేయర్ ముందు నిలబడ్డా చేతులు వణకలేదు.

ల్యాప్‌టాప్ దారి

స్టెమ్స్ వాడేవాళ్లకు, అంటే గొంతును, వాద్యాలను అప్పటికప్పుడు విడదీసి కలిపేవాళ్లకు ఇది నిజంగా అవసరం. సెరాటో డీజే ప్రోలో 2022 చివరలో ఆ సౌకర్యం వచ్చింది. సీడీజే-2000 ఎన్ఎక్స్ఎస్2, సీడీజే-3000 వాటంతట అవి స్టెమ్స్ చేయలేవు. స్క్రాచింగ్ మీద జీవించేవాళ్లు, వీడియోలు ప్లే చేసేవాళ్లు, పెద్ద లైబ్రరీలోంచి అడిగిన పాట అడిగినట్టు వేయాల్సినవాళ్లు కూడా ల్యాప్‌టాప్ వైపే వెళ్తారు.

కొత్తవాళ్లకు మాత్రం ఇందులో చిక్కులెక్కువ. క్లబ్ ప్లేయర్లను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి కంట్రోలర్లలా వాడాలంటే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ సంగతి, డ్రైవర్ల సంగతి ముందే తేల్చుకోవాలి. ఒక్కో ప్లేయర్‌కు ఒక్కో కేబుల్, మిక్సర్‌కు మరోటి. ఇదంతా ముందు డీజే పాట మోగుతుండగా, అరచేతి వెడల్పు ఖాళీలో, ఫోన్ వెలుతురులో చేయాలి. ఒక కేబుల్ పొరపాటున లాగితే మోగుతున్న పాట ఆగిపోతుంది. కొన్నిచోట్ల ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్ మనే రొద వస్తుంది. అది ఎర్తింగ్ తేడా వల్ల వచ్చేది, ఆ సమయంలో సరిచేయడం కష్టం. స్టెమ్స్ లేకుండా మీ సెట్ నడుస్తుందా అని నిజాయితీగా ఆలోచించండి. నడిచేటట్టయితే మొదటి ఐదారు క్లబ్ సెట్లకు ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంచండి.

సొంత కంట్రోలర్ దారి

ఇందులో ఉన్న ఊరట గొప్పది. వేళ్లకు తెలిసిన సామాను, మీ క్యూలు, మీ ప్యాడ్లు. మిక్సర్‌లో ఖాళీగా ఉన్న లైన్ ఇన్‌పుట్‌కు ఆర్‌సీఏ కేబుల్ తగిలిస్తే చాలు. ఫోనో ఇన్‌పుట్‌లో మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు. అది టర్న్‌టేబుల్ సూది నుంచి వచ్చే సన్నని సిగ్నల్ కోసం చేసినది, కంట్రోలర్ సిగ్నల్ అందులోకి వెళ్తే భయంకరంగా పగిలిపోతుంది.

చిక్కు స్థలంతో వస్తుంది. క్లబ్ బూత్ బల్ల రెండు ప్లేయర్లు, ఒక మిక్సర్ కొలతకే కడతారు. కంట్రోలర్‌ను ప్లేయర్ల మీద ఆనించి పెట్టాల్సి వస్తుంది. అది ఆ క్లబ్‌లో ఎప్పుడూ ప్లే చేసే రెసిడెంట్ డీజేకి నచ్చదు, నచ్చకపోవడం న్యాయమే. ఎవరైనా వాళ్ల ప్లేయర్ జాగ్ (చేత్తో తిప్పే పెద్ద చక్రం) మీద బరువు పెడితే బాధ కలుగుతుంది. మేనేజర్‌కు ముందే చెప్పి, బల్ల పక్కన చిన్న స్టాండ్ వేసుకునే వీలుంటేనే తీసుకెళ్లండి.

పెళ్లి సంగీత్, రిసెప్షన్, కాలేజీ ఫెస్ట్‌ల లెక్క వేరు. అక్కడ సామాను అద్దెకు వస్తుంది. ఏ మోడల్ వస్తుందో, ఏ స్థితిలో వస్తుందో సాయంత్రం ఆరింటికి గానీ తెలియదు. బల్ల విశాలంగా ఉంటుంది, సెట్ అంతా మీదే, మధ్యలో మారే డీజేలు ఉండరు. ఇంకోటి కూడా ఉంది. ఫంక్షన్ హాల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని క్షణాల్లో అద్దె ప్లేయర్లు ఆగిపోయి మళ్లీ మొదటినుంచి ఆన్ కావాలి. ఎఫ్ఎల్ఎక్స్4 లాంటి చిన్న కంట్రోలర్ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తుంది కాబట్టి స్పీకర్లు తిరిగి లేచేసరికి మీ పాట సిద్ధంగా ఉంటుంది. పెళ్లికూతురు స్టేజీ మీదికి వస్తున్న నిమిషంలో ఈ తేడా విలువ తెలుస్తుంది. అయినా జేబులో ఒక పెన్‌డ్రైవ్ ఉండనివ్వండి. ల్యాప్‌టాప్ మొరాయించే రోజు ఒకటి వస్తుంది.

ఎదురయ్యే ప్లేయర్లు

పిలిచినవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న మోడల్ పేరు. మేనేజర్‌కు తెలియకపోతే, "అన్నా, బూత్ ఫొటో ఒకటి పంపవా" అని సౌండ్ చూసే అతన్ని అడగండి. ఫొటోలోనే సగం సమాధానాలు దొరుకుతాయి.

2016లో వచ్చిన సీడీజే-2000 ఎన్ఎక్స్ఎస్2 ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. ఏడంగుళాల టచ్ తెర. లూప్ ఇన్ బటన్‌ను నొక్కి పట్టుకుంటే నాలుగు బీట్ల లూప్ వస్తుంది, అంటే ఆ ముక్కే మళ్లీ మళ్లీ మోగుతుంది. 2020లో వచ్చిన సీడీజే-3000కు తొమ్మిదంగుళాల తెర, తెర కింద వరసగా ఎనిమిది హాట్ క్యూ బటన్లు, లూప్‌కూ బీట్ జంప్‌కూ విడి బటన్లు. కంట్రోలర్ నుంచి వచ్చినవాళ్లకు ఈ రెండింట్లో 3000 తొందరగా చేతికి వస్తుంది. పేరులో సీడీ ఉన్నా 3000లో సీడీ పెట్టే చోటు లేదు. సీడీలు కాల్చి బ్యాకప్‌గా తీసుకెళ్లమని పాతవాళ్లు ఇచ్చే సలహా అక్కడ పనికిరాదు.

డెనాన్ కంపెనీ ఎస్‌సీ6000 ప్లేయర్ ఎదురైతే కంగారు వద్దు. రికార్డ్‌బాక్స్ పెన్‌డ్రైవ్‌ను అది కూడా తీసుకుంటుంది, కాకపోతే మొదటిసారి లైబ్రరీని తన పద్ధతిలోకి మార్చుకోవడానికి కొంత సమయం కావాలి. ముందే పెట్టి చూసుకోండి. ఓపస్-క్వాడ్ లాంటి కొత్త ఆల్-ఇన్-వన్‌లు (ప్లేయర్లు, మిక్సర్ ఒకే పెట్టెలో ఉండేవి) డివైస్ లైబ్రరీ ప్లస్ అనే కొత్త పద్ధతిలో రాసిన పెన్‌డ్రైవ్‌ను చదువుతాయి. మీ రికార్డ్‌బాక్స్ పాతదైతే అప్‌డేట్ చేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

మోడల్ ఏదైనా, పాట ఎక్కించే ముందు చూడాల్సినవి కొన్నున్నాయి. టెంపో రేంజ్ మొదట చూడండి. ±6లో ఫేడర్ 0.02 శాతం మెట్లతో కదులుతుంది, వైడ్‌లో 0.5 శాతం మెట్లతో. 128 బీపీఎం పాట మీద వైడ్‌లో ఒక్క మెట్టు అంటే 0.64 బీపీఎం తేడా. దాంతో రెండు పాటలను నిలకడగా కలపడం అసాధ్యం. నేను ±10లో పెట్టుకుంటాను. తర్వాత వినైల్ మోడ్. అది ఆన్‌లో ఉంటే జాగ్ పైభాగం తాకగానే పాట ఆగుతుంది, ఆఫ్‌లో ఉంటే కేవలం నెట్టినట్టవుతుంది. బ్రేక్ నాబ్ ఎవరైనా తిప్పి వదిలేస్తే పాజ్ నొక్కినప్పుడు పాట టక్కున ఆగకుండా ఈడ్చుకుంటూ ఆగుతుంది. మాస్టర్ టెంపో (వేగం మార్చినా శ్రుతి మారనివ్వనిది), క్వాంటైజ్, స్లిప్ (లూప్ వదలగానే పాటను అసలు ఉండాల్సిన చోటికి చేర్చేది) ఏవి వెలుగుతున్నాయో చూడండి. జాగ్ కంట్రోలర్‌దానికంటే చాలా పెద్దది, బరువుగా తిరుగుతుంది. ఇంట్లో వేలితో తాకినంత ఇక్కడ సరిపోదు, కొంచెం గట్టిగా తోయాలి. జాగ్ అడ్జస్ట్ నాబ్‌తో ఆ బిగువును తగ్గించుకోవచ్చు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా మార్చే బదులు రికార్డ్‌బాక్స్‌లో మై సెట్టింగ్స్ అనే చోట మీకు నచ్చినట్టు పెట్టుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించొచ్చు. ప్లేయర్ మీద దాన్ని లోడ్ చేస్తే ఆటో క్యూ, క్వాంటైజ్, టెంపో రేంజ్ లాంటివి మీ ఇంటి పద్ధతికి వచ్చేస్తాయి. చేత్తో తిప్పే నాబ్‌లు మాత్రం చేత్తోనే సరిచేసుకోవాలి.

మిక్సర్ దగ్గరే అసలు తడబాటు

ప్లేయర్ల గురించి అందరూ భయపడతారు. నిజానికి కొత్తవాళ్లు ఇరుక్కునేది ఎక్కువగా మిక్సర్ దగ్గర. కంట్రోలర్‌లో డెక్కు ఒకటి చానెల్ ఒకటికే వెళ్తుంది, దాని గురించి ఆలోచించే పనే లేదు. క్లబ్ మిక్సర్‌లో ప్రతి చానెల్ నెత్తిన ఒక ఇన్‌పుట్ సెలెక్టర్ ఉంటుంది. ముందు డీజే ల్యాప్‌టాప్ వాడి దాన్ని యూఎస్‌బీలో వదిలి వెళ్తే, మీ ప్లేయర్‌లో పాట నడుస్తున్నా మీటర్ కదలదు. శబ్దం రాకపోతే మొదట అక్కడే చూడండి. తర్వాత చానెల్‌లోకి వచ్చే శబ్దం స్థాయిని సరిచేసే ట్రిమ్, చానెల్ ఫేడర్. ఆ తర్వాత ఏ, త్రూ, బీ అని ఉండే క్రాస్‌ఫేడర్ అసైన్ స్విచ్, అంటే అడ్డంగా జరిగే ఫేడర్‌కు చానెల్‌ను కలిపేది. క్రాస్‌ఫేడర్ వాడనివాళ్లు అన్ని చానెళ్లనూ త్రూలో పెట్టేయండి.

డీజేఎం-900 ఎన్ఎక్స్ఎస్2లో కలర్ నాబ్ తిప్పితే ఫిల్టర్ రావాలంటే ముందు ఎడమవైపు ఫిల్టర్ బటన్ వెలిగి ఉండాలి. స్పేస్, డబ్ ఎకో, స్వీప్, నాయిస్, క్రష్, ఫిల్టర్ అని ఆరుంటాయి. ఏదీ వెలగకపోతే నాబ్ ఉత్తినే తిరుగుతుంది. నాయిస్ వెలుగుతుండగా ఫిల్టర్ అనుకుని తిప్పితే హోరు వస్తుంది. బేస్ పూర్తిగా పోకపోవడానికి కారణం ఈక్యూ (బేస్, మిడ్, హై భాగాలను పెంచి తగ్గించే నాబ్‌లు) పనితీరును మార్చే స్విచ్. ఈక్యూలో ఉంటే నాబ్ చివరి దాకా తిప్పినా మైనస్ 26 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది, ఐసోలేటర్‌లో ఉంటే ఆ భాగం పూర్తిగా మాయమవుతుంది. రెండు పాటల బేస్‌ను మార్చుకుంటూ కలపడం మీ పద్ధతైతే ఐసోలేటర్ శుభ్రంగా వినిపిస్తుంది. నెమ్మదిగా, మెత్తగా కలిపేవాళ్లకు ఈక్యూ బాగుంటుంది. ఇంట్లో సాఫ్ట్‌వేర్‌లో ఏది వాడుతున్నారో చూసుకుని దానికి తగ్గది ఎంచుకోండి.

ఎకో లాంటి ఎఫెక్టులు ఇచ్చే బీట్ ఎఫ్ఎక్స్ ఆన్‌లో ఉందా, ఏ చానెల్ మీద ఉంది అని సెట్ మొదలుపెట్టే ముందు చూడాలి. ముందు డీజే ఎకోను మాస్టర్ (హాల్లోకి వెళ్లే మొత్తం శబ్దం) మీద వదిలి వెళ్లి ఉంటే మీరు ఆ బటన్ తాకగానే హాలంతా ఎకో. హెడ్‌ఫోన్‌లో మిక్సింగ్ నాబ్ పూర్తిగా మాస్టర్ వైపు ఉంటే మీరు తర్వాత కలపబోయే పాట వినిపించదు. నేను దాన్ని మధ్యకు కొంచెం ఎడమగా పెట్టుకుంటాను. జేబులో 6.3 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ అడాప్టర్ ఒకటి ఎప్పుడూ ఉండాలి.

బూత్ వాల్యూమ్ (బూత్‌లో మీ కోసం పెట్టిన మానిటర్ స్పీకర్‌ది) వేరు, మాస్టర్ వాల్యూమ్ వేరు. మీకు సరిగ్గా వినిపించడం లేదని మాస్టర్ పెంచకండి, బూత్ నాబ్ పెంచుకోండి. బూత్ మానిటర్ లేని చోట హాల్లో స్పీకర్ల నుంచి శబ్దం ఆలస్యంగా చెవిని చేరుతుంది. పది మీటర్ల దూరానికి దాదాపు 30 మిల్లీసెకన్లు. దాన్ని నమ్మి కలిపితే బీట్లు జారతాయి. అలాంటి బూత్‌లో రెండు పాటలనూ హెడ్‌ఫోన్‌లోనే విని కలపండి. మీటర్ ఎరుపులోకి వెళ్లనివ్వొద్దు. వార్మప్ డీజే అంతా ఎరుపులో ప్లే చేస్తే తర్వాత వచ్చేవాళ్లకు పెంచుకోవడానికి చోటుండదు, వాళ్లు దాన్ని గుర్తుంచుకుంటారు.

అలెన్ అండ్ హీత్ జోన్:92 మిక్సర్ ఎదురైతే దాని ఈక్యూ మూడు కాదు, నాలుగు భాగాలు. మిడ్ రెండుగా చీలి ఉంటుంది. ఫిల్టర్లు విడిగా కింద ఉంటాయి, ఏ చానెల్‌కు ఏ ఫిల్టర్ వెళ్లాలో బటన్‌తో చెప్పాలి. అలాంటి రాత్రి కొత్త ప్రయోగాలు మాని, ఫేడర్లు, ఈక్యూతో సాదాగా కలపండి. జనానికి కావలసింది పాట, మీ చేతుల వేగం కాదు.

సాధన ఎక్కడ చేయాలి

ఈ సామాను కొనుక్కోవాలా అని చాలామంది తమ్ముళ్లు అడుగుతుంటారు. రెండు సీడీజేలు, ఒక డీజేఎం కొత్తవి కొనాలంటే లక్షల్లో పని. మొదటి ఏడాది సంపాదనతో అది తిరిగి రాదు, అప్పు చేసి మరీ కొనొద్దని గట్టిగా చెప్తాను. పాత మోడళ్లు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి కానీ ప్లే, క్యూ బటన్లు, జాగ్, ఫేడర్లు అరిగి ఉంటాయి. ఒక గంట ప్లే చేసి చూడకుండా డబ్బివ్వకండి.

ఎక్స్‌డీజే-ఆర్ఎక్స్3 లాంటి ఆల్-ఇన్-వన్ మధ్యేమార్గం. 2021లో వచ్చింది, తెర 10.1 అంగుళాలు, పెన్‌డ్రైవ్‌తోనే నడుస్తుంది, అమరిక క్లబ్ సామానును పోలి ఉంటుంది. నెలకు నాలుగైదు ఈవెంట్లు చేస్తూ, వాటికి అద్దె కడుతున్నవాళ్లకు లెక్క సరిపోవచ్చు. నెలకు ఒక క్లబ్ సెట్ మాత్రమే ఉన్నవాళ్లకు వద్దు.

వాళ్లకు నేను చెప్పేది డీజే స్కూల్లోనో స్టూడియోలోనో గంటల లెక్కన తీసుకోమని. రెండు గంటల చొప్పున మూడుసార్లు చాలు. మొదటిసారి పాటలు కలపాలనుకోకండి. ప్రతి స్విచ్‌నూ తప్పుగా పెట్టి, ఏమవుతుందో విని, మళ్లీ సరిచేయండి. ఇన్‌పుట్ మార్చండి, టెంపో వైడ్‌లో పెట్టండి, ల్యాన్ కేబుల్ తీసేయండి. రెండోసారి మీ సెట్ అంతా ప్లే చేయండి. మూడోసారి లైట్లు ఆర్పేసి ప్లే చేయండి. స్టూడియో దొరకని ఊళ్లలో ఉన్నవాళ్లు, క్లబ్ తెరవకముందు సాయంత్రం ఐదింటికి వెళ్లి రెసిడెంట్‌ను అడగండి. "అన్నా, అరగంట చూసుకుంటా" అంటే కాదన్నవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఏ దారి ఎవరికి

వార్మప్ సెట్, సింక్ లేకుండా కలపగలరు, వారం రోజుల వ్యవధి ఉంది అంటే పెన్‌డ్రైవ్. సందేహమే వద్దు. వ్యవధి రెండు రోజులే, సింక్ లేకపోతే కాళ్లాడవు, బల్ల మీద చోటుంది అంటే కంట్రోలర్ తీసుకెళ్లండి, తప్పేమీ లేదు. కానీ ఆ రాత్రే బూత్‌లోని ప్లేయర్ మీద కనీసం చివరి రెండు పాటలైనా పెన్‌డ్రైవ్ నుంచి ప్లే చేసి రండి. అలా చేస్తేనే రెండోసారి కంట్రోలర్ అక్కర్లేకుండా పోతుంది. స్టెమ్స్ మీ సెట్‌కు ప్రాణమైతే ల్యాప్‌టాప్, కానీ సౌండ్ చెక్ సమయం ఇస్తామని మేనేజర్ ఒప్పుకుంటేనే. ఆ మాట ఫోన్లో కాకుండా మెసేజ్‌లో తీసుకోండి.

సెట్ అయిపోయాక పెన్‌డ్రైవ్ లాగే ముందు అందులోంచి పాట ఏదీ నడవడం లేదని చూసుకోండి. లింక్ ఉంటే పక్క ప్లేయర్ కూడా మీ పెన్‌డ్రైవ్ నుంచే చదువుతుండొచ్చు, లాగితే అక్కడి పాట నాలుగు బీట్ల లూప్‌లో చిక్కుకుంటుంది. తర్వాతి డీజే మొదటి పాట పూర్తిగా పైకి వచ్చేదాకా ఆగండి. యూఎస్‌బీ స్టాప్ నొక్కి పట్టుకుని, లైటు ఆరాక తీయండి. టెంపో రేంజ్ మామూలు స్థితికి, ఎఫ్ఎక్స్ ఆఫ్‌కు, మీరు తిప్పిన ఈక్యూలు మధ్యకు తెచ్చి వెళ్లండి.